బాకీ సంజీవని (టీకా తాత్పర్య సహితము)

మూలము

‘‘డియర్ కస్టమర్, మీ పాత బాకీ రూ. 38,460 తక్షణమే చెల్లించవలెను. చెల్లించని యెడల మీపై చట్టపరమైన చర్యలు తీసుకోబడును.’’

అవతారిక

ఈ గద్యం మొన్న ఉదయం 6:40కి రొంపిచెర్లలో, నా నోట్లో వేపపుల్ల ఉండగా అవతరించింది. కవి అజ్ఞాతుడు. ఇతివృత్తం 2014 నాటిది. మోటారుసైకిలు అప్పుకు ఆఖరి వాయిదా 2,180 రూపాయలు నరసరావుపేట బస్టాండులో కంపెనీ మనిషి చేతిలో పెట్టి, గులాబీరంగు రసీదు తీసుకున్నాను. జమ కాలేదన్నారు. రసీదు చూపిస్తే ‘‘రసీదు మాదే గానీ ఆ పుస్తకం మాది కాదు’’ అన్నారు. ఘటాన్నీ ఘటత్వాన్నీ విడదీసిన తార్కికులు కూడా ఇంతదూరం పోలేదు. అప్పు తీరినట్టు కాయితం ఇవ్వలేదు గనక బండి అమ్ముకోవడానికీ లేకపోయింది. ఇప్పుడది పెరట్లో కోళ్లకు పీఠం. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు వేరే ఎవరో ఆ బాకీని కొనుక్కున్నారట.

ప్రతిపదార్థము

మీ, పాత, బాకీ, చెల్లించవలెను: స్పష్టము.

డియర్: ప్రియమైన. మన భాషలో ప్రియమంటే ఇష్టమూ, ధర పెరగడమూ. ‘ఈ ఏడు కందిపప్పు ప్రియం’ అన్నప్పటి అర్థమే ఇక్కడ గ్రాహ్యం.

38,460: తేలికమాటకు పేజీ రాసి, కష్టమైనచోట ‘స్పష్టము’ అని దాటెయ్యడం వ్యాఖ్యాతలకు అనాదిగా ఉన్న హక్కు. అది వ్యాఖ్యాతలకే ఉందనుకున్నాను. 2,180 ఇంత ఎలా అయిందని ఫోను చేసి అడిగితే ‘‘సిస్టంలో క్లియర్‌గా ఉంది సార్’’ అన్నాడు. అసలు మీద వడ్డీ అసలును దాటి పెరగకూడదన్నది ధర్మశాస్త్రాల మాట. ఆ లెక్కన ఎంత లాగినా 4,360. మిగతా 34,100 ప్రక్షిప్తాలు.

తీసుకోబడును: ఇదే ఈ కావ్యానికి జీవగర్ర. కర్మణి ప్రయోగం. కర్మ ఉంది, క్రియ ఉంది, కర్త లేడు. తెలుగువాడు మామూలుగా ఇలా మాట్లాడడు. ‘నీ కాళ్లు విరగ్గొట్టబడును’ అని మా పల్నాట్లో ఎవడూ ఎవణ్ణీ బెదిరించి ఎరగడు. విరగ్గొట్టేవాడు తన పేరూ తండ్రి పేరూ కలిపి చెప్పుకుంటాడు.

పూర్వం బాకీ వసూలుకు కర్త ఉండేవాడు. వ్యవహారపదాలు పద్దెనిమిదింటిలో మనువు మొదట ఎంచింది ఋణాదానాన్నే. హత్యలూ దొంగతనాలూ దాని తర్వాతే. వసూలుకు ఐదు ఉపాయాలు చెప్పాడు: ధర్మం, వ్యవహారం, ఛలం, ఆచరితం, బలం. వీటిలో నాకు ముద్దొచ్చేది ఆచరితం. అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మంలో తిండి మానేసి కూర్చుంటాడని వ్యాఖ్యాతలు వివరించారు. ఈనాటి ధర్నాకు తాతగారు ఇదే. మన మోటుపల్లి గురించీ రాసిన మార్కోపోలో 13వ శతాబ్దం చివర తమిళతీరంలో ఇంకో తమాషా చూశాడు. అక్కడ అప్పిచ్చినవాడు బాకీదారు చుట్టూ నేలమీద గీత గీస్తాడు. బాకీ తీర్చందే, కనీసం హామీ ఇవ్వందే, గీత దాటడానికి లేదు. ఒక విదేశీ వర్తకుడికి సాక్షాత్తూ రాజే బాకీపడి నాన్చుతుంటే, గుర్రం మీద పోతున్న రాజు చుట్టూ వర్తకుడు గీత గీసేశాడు. రాజు గుర్రాన్ని ఆపి, డబ్బు తెప్పించి, లెక్క అప్పజెప్పాకే కదిలాడు. నాకైతే రాజుకన్నా ఆ వర్తకుడి మీదే గౌరవం. గీత గియ్యాలంటే మనిషి ఎదటికి రావాలి, నడుం వంచాలి.

శ్రీనాథుడి సంగతి ఇలాంటిచోట అందరూ ఎత్తుతారు గనక నేను ఎత్తను. పైగా మా పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేశాడని మాకు ఆయన మీద కొంచెం ఉక్రోషం కూడా. అయినా బొడ్డుపల్లె గుత్త చేస్తే పంట కృష్ణపాలై, ఏడువందల టంకాలు కట్టలేక, ముసలితనంలో కవిసార్వభౌముడు భుజాన బండ మోశాడని చాటువు చెప్పే కథ తలుచుకుంటే ఆ ఉక్రోషం నిలవదు. కనకాభిషేకం జరిగిన ఒళ్లది! ఒకటి మాత్రం గమనించాలి. ఆ బాకీ ఎంతో తెలుసు, ఎందుకు కట్టలేకపోయాడో తెలుసు, బండ ఎక్కించింది ఎవరో ఊరందరికీ తెలుసు.

ఎక్కడున్నాం? తీసుకోబడును. ఆ బడేవాడెవడో చెప్పమంటే ‘‘పైనుంచి సార్’’ అంటాడు. వర్షం కూడా పైనుంచే పడుతుంది. దానికైనా కార్తె ఉంది.

దోషవిచారము

దండి చెప్పిన పది కావ్యదోషాల్లో దేశకాలవిరోధం ఒకటి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందూ రాత్రి 7 తర్వాతా ఫోన్లు చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న సర్క్యులర్ ఇచ్చింది. 6:40 కాలవిరోధం. బాకీదారు బంధుమిత్రుల జోలికి పోకూడదని కూడా అందులోనే ఉంది. నిన్న టీకొట్టు ఆసామి గ్లాసు అందిస్తూ, నలుగురిలో, ‘‘ఏంది మాస్టారూ, మీ మీదేదో కేసంట గదా? నాకు ఫోన్ చేసి అడుగుతుండారు’’ అన్నాడు. ఇది దేశవిరోధం. ముప్పై ఏళ్లు ఈ ఊరి పిల్లలకు సంధులు చెప్పినవాణ్ణి. కట్టిన డబ్బు రెండోసారి కట్టనందుకు టీకొట్టు దగ్గర తలొంచుకున్నాను. మేనకోడలి అత్తగారింటికి కూడా చేశారట. ఆ పిల్ల వాళ్లకేం చెప్పుకుందో నేను అడగలేదు. దీనికి అలంకారశాస్త్రంలో పేరు వెతికాను, దొరకలేదు.

ఇక అసలు దోషం కాలదోషం. ఆలంకారికులకు తట్టని ఈ మాట మన ఊళ్లలో ప్రోనోటు ఎరిగిన ప్రతివాడికీ తెలుసు. నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పట్టిందంటారు, మురిగిపోయిందంటారు. మా ఊరి వడ్డీవ్యాపారికి 1963 నాటి లిమిటేషన్ చట్టం కంఠతా వచ్చు. మూడేళ్లు నిండకముందే ఒకరోజు వచ్చి, అరుగు మీద కూర్చుని, పిల్లల చదువులు కనుక్కుని, కాఫీ తాగి, ‘‘నోటు తిరగరాయి అల్లుడూ’’ అంటాడు. కట్టినదానికి నోటు వెనక చెల్లు వేస్తాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ పుచ్చుకునేవాడే గానీ ఆయన వాక్యానికి కర్త ఉంటాడు.

గడువు దాటాక దావా వేస్తే, మనం ఆ మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టెయ్యాలని ఆ చట్టం మూడో సెక్షన్. అలాగని అప్పు చచ్చిపోదు. కోర్టు తలుపు మూసుకుంటుంది, అంతే. తలుపు మళ్లీ తెరిపించే మందు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో, 25వ సెక్షన్ మూడో ఉపవిభాగంలో ఉంది. మురిగిన బాకీనైనా ఇస్తానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందంగా చెల్లుతుంది. ఈ మందుకు సంజీవని అని పేరు పెడుతున్నాను. రఘువంశానికి తాను రాసిన వ్యాఖ్యకు కొలచాల మల్లినాథసూరి పెట్టుకున్న పేరు, ఆయన క్షమించాలి.

సోమవారం ఒక కుర్రాడు ఆ సంజీవని పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఎండలో పడి వచ్చాడు, మజ్జిగ ఇచ్చాను. ‘‘మొత్తం వద్దు సార్. అయిదొందలు కట్టి ఇక్కడో సంతకం పెట్టండి, మీకేం ఇబ్బంది ఉండదు’’ అన్నాడు. చదివాను. ‘సదరు బాకీ యావత్తు నేను చెల్లించగలవాడనని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను.’ ఇందులో మాత్రం కర్త ఉన్నాడు. నేనే! వాళ్ల వాక్యంలో ఎవడూ లేడు, నా వాక్యంలో నేను నిండుగా ఉన్నాను.

‘‘బాబూ, మల్లినాథుడు మూలంలో లేనిది రాయనని ఒట్టేసుకున్నాడు. నీ మూలం చూపించు. అప్పు పత్రం, ఖాతా నకలు, ఆ కంపెనీ మీకు అమ్మిన కాయితం’’ అన్నాను.

‘‘అవన్నీ హెడ్డాఫీసులో ఉంటాయి సార్.’’

‘‘పోనీ, వచ్చినట్టు నీ పేరు రాసి సంతకం పెట్టు.’’

‘‘నేనెందుకు సార్ సంతకం పెట్టడం? తర్వాత నా మీదకొస్తుంది’’ అని గ్లాసు అరుగు మీద పెట్టి లేచాడు. పెరట్లో బండి వైపు ఒకసారి చూశాడు. కోడి దిగలేదు.

తాత్పర్యము

మా దగ్గర కాయితం లేదు. మీరే ఒకటి రాసివ్వవలెను.

పాఠాంతరము

నిన్న రాత్రి 7:52కి వచ్చిన ప్రతిలో ‘38,460’కి బదులు ‘38,960’ అని ఉంది. లేఖకదోషమో, మజ్జిగ రోజు కట్టని అయిదొందలో నిర్ణయించలేకున్నాను. తక్కినదంతా సమానము.