కలిపేదెవరు?

పాలకొల్లులో పులిహోరంటే ఒకప్పుడు క్షీరారామలింగేశ్వరుడి గుడి ప్రసాదమే. ఇప్పుడు "మావాడు పులిహోర భలే కలుపుతాడండీ, ఆయ్!" అని తాతగారు పెళ్లివారి ముందు మురిసిపోతే సంబంధం తప్పిపోతుంది. వాడు పాపం నిజంగానే వంటమేస్త్రి!

అల్లు రామలింగయ్య, దాసరి పుట్టిన ఊరు. మాటకు వెటకారం పట్టించడం ఇక్కడ కొత్తేం కాదు. కానీ నాలుగు తీపి మాటలు చెప్పి అమ్మాయి వెంటపడ్డ కుర్రాడికే 'పులిహోర రాజా' బిరుదివ్వడం అన్యాయం. అయిదేళ్లకోసారి జీపెక్కి నియోజకవర్గం మొత్తానికీ కలిపేవారి మాటేంటి? బియ్యం మనవే, చింతపండు మనదే, గరిటె మాత్రం వారిది. పోపు కూడా వెయ్యరు, అది మేనిఫెస్టోలోనే మాడిపోతుంది.

ఊరి దిబ్బరొట్టెకు మాత్రం ఇంకా ఏ పెడర్థమూ అంటుకోలేదు. ఈలోగా తినేయండి!