వత్తు ఊడిన టీషర్టు

టీషర్టు మీద బొమ్మ గీసి అమ్ముకోవడం ఇప్పటి పిల్లలు కొత్తగా కనిపెట్టిన సరదా అని మా తార్నాక వీధిలో అందరూ అనుకుంటున్నారు. కాదు నాయనా. ఎనభైలలోనే ఉస్మానియా హాస్టల్ గదుల్లో మేం ఆ పని చేశాం. విద్యార్థి సంఘం సభ అన్నా, డిపార్ట్‌మెంటు క్రికెట్ జట్టన్నా తెల్ల టీషర్టులు టోకున తెచ్చి, అచ్చు వేసి, మెస్ ముందు నిలబడి అమ్మేవాళ్ళం. వచ్చిన లాభం మెస్ బిల్లుకూ, ఎప్పుడన్నా ఒక సినిమాకూ సరిపోయేది. డబ్బు సంగతి అటుంచండి. ఆ పనిలో చెయ్యి ఉండేది. నా గోలంతా ఆ చెయ్యి గురించే.

ముందు ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో బొమ్మ. దానికి డబ్బుల్లేకపోతే మామూలు కాగితం మీద గీసి, వెనక కొబ్బరినూనె రాసి వెలుగు పారేలా చేసేవాళ్ళం. చెక్క చట్రానికి సన్నటి జాలీగుడ్డ బిగించి, బైక్రోమేట్ కలిపిన ద్రావణం చీకట్లో పూసి ఆరబెట్టాలి. దాని మీద బొమ్మ పరిచి ఎండ చూపిస్తే, వెలుగు తగిలినచోట పూత గట్టిపడుతుంది. నల్ల గీత కింద మెత్తగానే ఉంటుంది. కుళాయి కింద కడిగితే ఆ మెత్తటిది కొట్టుకుపోయి గీత తెరుచుకుంటుంది. ఏప్రిల్ ఎండలో చిటికెలో అయ్యే పని ఆగస్టు ముసురులో ఎంతకీ తెమలదు. ఎంతసేపు ఉంచాలో ఆకాశం చూసి చెప్పగలిగేవాళ్ళం. ఆ తెర గుండా రబ్బరు స్క్వీజీతో రంగు లాగాలి. ఆరాక ఇస్త్రీపెట్టె వేడి తగిలితేనే రంగు ఉతుకుకు నిలుస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో తెర కట్టాలి కాబట్టి రెండు రంగులు దాటేవాళ్ళం కాదు. చెప్పదలచుకున్నదంతా ఆ రెండిట్లోనే చెప్పాలి. అందుకే బొమ్మ మొదలుపెట్టేముందు చాలాసేపు ఆలోచన నడిచేది.

రెండు రంగుల్లోనే చెప్పడం ఎంత విలువైనదో చే గువేరా ముఖమే చెబుతుంది. 1960లో కోర్డా తీసిన ఫొటోను ఐర్లండ్ చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ 1968లో ఎరుపు నలుపుల పోస్టరుగా మార్చాడు. మధ్యనున్న బూడిద ఛాయలన్నీ తీసేశాడు. ఎంత నాసి తెర మీద అచ్చేసినా ఆ ముఖం చెక్కుచెదరకపోవడానికి కారణం అదే. మా హాస్టల్ గదిలోనూ చెక్కుచెదరలేదు.

ఇప్పుడు పద్ధతే వేరు. 2000లో షికాగోలో థ్రెడ్‌లెస్ వచ్చింది, 2006లో మెల్‌బోర్న్‌లో రెడ్‌బబుల్ వచ్చింది. ఆ దారిలోనే మన దేశంలోనూ ఆర్డరు వచ్చాక అచ్చు వేసి పంపే కంపెనీలు వెలిశాయి. తార్నాక అద్దె గదిలో కూర్చున్న అమ్మాయి ఫోనులో బొమ్మ చేసి ఎక్కిస్తుంది. ఎవరో కొంటారు, ఎక్కడో తిరుప్పూరు వైపు యంత్రం బొమ్మను నేరుగా గుడ్డ మీద చల్లుతుంది, పార్శిలు కొన్నవాడి ఇంటికి పోతుంది. పెట్టుబడి అక్కర్లేదు, అమ్ముడుపోని సరుకు మంచం కింద మూలుగుతుందన్న బెంగ లేదు. డల్లస్‌లో ఉన్న తెలుగువాడి దాకా ఆ బొమ్మ చేరుతుంది. మాకు ఓయూ ఎన్‌సీసీ గేటు దాటి అమ్మడమే గొప్ప. ఈ సుఖాన్ని నేను కాదనను. ఆడపిల్లలకు ఇది నిజంగా మేలు చేసింది, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నాలుగు రూపాయలు చూస్తున్నారు.

కానీ బొమ్మ చేసిన పిల్ల ఆ టీషర్టును ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోదు. ఇదే నాకు మింగుడుపడదు. ఏ గుడ్డ, ఎంత మందం, ఉతికితే అచ్చు పగులుతుందా, నల్ల గుడ్డ మీద ఆ ఎరుపు ఎలా తేలుతుంది? అడిగితే, కంపెనీ చూసుకుంటుంది తాతా అంటారు.

చూసుకోని కంపెనీ ఫలితం రోజూ మెట్రో స్టేషన్ దగ్గర కనిపిస్తుంది. ఆ మధ్య ఒక కుర్రాడి ఛాతీ మీద అడుగు వెడల్పున ‘ఉస్‌మానియా’ అని ఉంది. స కింద మకారం ఒత్తు లేదు, పొల్లు నెత్తిన పెట్టుకుని స్ ఒంటరిగా నిలబడింది. యంత్రం తప్పు కాదది. ఫొటోషాప్ లాంటి వాటిలో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ఎంచుకుంటే సరిగ్గా కూర్చుంటాయి. అంత చిన్న పని. మంచి ఫాంట్లు లేవనడానికీ వీల్లేదు. సిలికానాంధ్ర వాళ్ళు సురవరం, రామభద్ర, మల్లన్న, గిడుగు అంటూ బోలెడు ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు, గూగుల్‌లోనూ దొరుకుతాయి. మాకు ఏ ఫాంటూ లేదు. బాపు అక్షరాలు చూసి, సైన్‌బోర్డు పెయింటర్ల వెనక నిలబడి నేర్చుకున్నాం. అక్షరం చేత్తో గీసేవాడికి ఒత్తు ఊడదు, ఊడితే కన్ను వెంటనే పట్టేస్తుంది.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ బొమ్మకూ ఇదే గతి. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ రూపమిచ్చిన ఆ గులాబీరంగు రాతి భవనం 1939లో తెరుచుకుంది. అజంతా ఎల్లోరా తరహా స్తంభాలనూ ఇస్లామీ కమానులనూ ఒకే ముఖంలో ఇముడ్చుకున్న కట్టడం అది. ఇప్పటి టీషర్టుల మీద ఆ స్తంభాలన్నీ ఒకే ముద్ద. ఇంటర్నెట్ ఫొటోను సాఫ్ట్‌వేర్‌తో గీతలుగా మార్చేస్తారు, అయిపోయింది. మెట్ల ఎదురుగా గడ్డి మీద ఒక పూట కూర్చుంటే ఆ పెద్ద కమాను ఎక్కడ లేస్తుందో, నీడ ఎక్కడ పడుతుందో మీ చేతికే వస్తుంది. అక్కడికి నడిచిపోయే దూరంలో ఉండి కూడా కూర్చోరు.

ఇంకా కష్టం కలిగించింది జార్జిరెడ్డి విషయం. 1972 ఏప్రిల్ 14న ఈ క్యాంపస్‌లోనే చంపబడ్డ విద్యార్థి నాయకుడు. ఆయన పేరు రాసి ఉన్న ఒక టీషర్టు మీద నేను చూసిన ముఖం ఆయనది కాదు, 2019లో వచ్చిన సినిమాలో వేసిన నటుడిది. గూగుల్‌లో ముందు కనిపించింది అతికించారు. ఒక మనిషి ముఖాన్ని గుండె మీద వేసుకోమని ఊరందరికీ అమ్మేటప్పుడు, ఆ మనిషి ఎవరో తెలుసుకోవడం మొదటి పని కాదా?

2018లో విజయ్ దేవరకొండ రౌడీ పేరుతో బట్టలు తెచ్చాక మన పిల్లలకు ముందు బ్రాండు కావాలి. పేరు, లోగో, ఇన్‌స్టా పేజీ అన్నీ సిద్ధం. బొమ్మ మాత్రం చివర్లో, ఆ రాత్రికి ఏది దొరికితే అది.

ఇదే యూనివర్సిటీలో టెక్నాలజీ కాలేజీ ఉంది, టెక్స్‌టైల్ టెక్నాలజీ చదువు చెబుతారు. నూలు గురించి, రంగు గురించి, ఉతుకు గురించి తెలిసిన పంతుళ్ళు అక్కడున్నారు. టీషర్టులు అమ్మే పిల్లల్లో ఒక్కరైనా ఆ గడప తొక్కినట్టు నేను వినలేదు. వెళ్ళండి, అడగండి. అమ్మకానికి పెట్టేముందు మీ టీషర్టు మీరే ఒకటి తెప్పించుకుని, బకెట్లో నానబెట్టి, పిండి, ఆరేసి చూడండి. తెర కట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆదివారం పొద్దున మా ఇంటికి రండి. చట్రాలు అటక మీద ఉన్నాయి, స్క్వీజీకి రబ్బరు మాత్రం కొత్తది వేయించాలి.