రెండో మెట్టు మీద దర్శనం

మా మనవడు పట్టభద్రుడయ్యాడు. వయసు అయిదున్నర, చదువు యూకేజీ. మొన్న ఏప్రిల్‌లో తిరుత్తణిలోని ఒక కల్యాణ మండపంలో ఆ ముచ్చట జరిగింది. నల్లగౌను, కుచ్చు వేలాడే పలక టోపీ, చేతిలో రిబ్బను కట్టిన చుట్ట కాయితం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లకాయ ఇంగ్లీషులో బట్టీపట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పి, దిగి నా దగ్గరికొచ్చి, "తాతా, ఉక్కపోస్తా ఉంది, ఇది విప్పేయ్" అన్నాడు. ఆ రోజు సభలో నిజం పలికినవాడు వాడొక్కడే.

ఇలాంటి వేడుకలకు వచ్చే కుటుంబాలు ఎలా మెలగాలో ఒక నియమావళి ఇప్పటికే అమల్లో ఉంది. రాసిపెట్టినవాడే లేడు. ఆ లోటు తీరుస్తున్నాను.

ఒకటి: మన బిడ్డ వేదికెక్కగానే ముందుకురికి, అడ్డంగా నిలబడి సెల్‌ఫోను ఎత్తాలి. వెనకవాళ్లకు వాళ్ల బిడ్డ కనబడలేదంటే మన బిడ్డ ప్రకాశించినట్టే.

రెండు: మనవాడి పేరుకు ఈలలు, కేకలు. పక్కవాడి పేరు పిలిచేటప్పుడు భోజనాల వాకబు.

మూడు: ఫ్లెక్సీ తప్పనిసరి. అందులో తాతలు, మేనమామలు, తిరువళ్లూరు నుంచి లోకల్ రైల్లో వచ్చిన వియ్యంకులు నిండుగా ఉండాలి. చోటు మిగిలితే, మూలన తపాలాబిళ్లంత పిల్లవాడు.

నాలుగు: మన ఫొటో అయిపోగానే బంధుబలగంతో లేచి వెళ్లిపోవాలి. జాబితాలో ఆఖరి బిడ్డ ఖాళీ కుర్చీలకు దండం పెట్టుకుంటాడు.

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం సెనటోబియాలో 2015లో ఇలాంటి సభలోనే పేరు పిలిచినప్పుడు కేకలేశారని కుటుంబ సభ్యుల మీద ఏకంగా శాంతిభంగం ఫిర్యాదు పెట్టారు. తరవాత వెనక్కి తీసుకున్నారనుకోండి. మనకంత కాఠిన్యం వద్దు. మన దగ్గరికి పోలీసులొచ్చినా వాళ్లనీ సెల్ఫీలో నిలబెడతాం.

మా అల్లుడు నాతో ఏకీభవించడు. "ఏం మామా, డిసెంబరు 31న కొండ మీద ప్రతి మెట్టుకూ పూజ చెయ్యడం లేదా? యూకేజీ కూడా మెట్టే కదా!" అన్నాడు. వాదంలో పస ఉంది. తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఆ రోజు మెట్టుమెట్టుకూ హారతిచ్చి, మురుగన్ మీది తిరుప్పుగళ్ పాటలు పాడుతూ ఎక్కుతారు. కొత్త సంవత్సరం నాడు తెల్లదొరల గుమ్మాల ముందు సలాములు కొట్టబోయే జనాన్ని మళ్లించడానికే వళ్లిమలై స్వామి అనే సాధువు ఈ పూజ మొదలుపెట్టాడని చెబుతారు. ఆయన దొరను వదిలించి మెట్టు చూపించాడు. మనం మెట్టుకే దొర గౌను తొడిగాం! పైగా మెట్టుకు పూజ చేసినవాడు తరవాతి మెట్టు ఎక్కుతాడు. రెండో మెట్టు మీదే కొబ్బరికాయ కొట్టి, దర్శనమైంది దిగుదాం పదండి అనడు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ తిరుత్తణిలోనే, తెలుగింట, 1888 సెప్టెంబరు 5న పుట్టారు. రాష్ట్రపతి అయిన ఏడాది, 1962లో, శిష్యులు పుట్టినరోజు చేస్తామంటే, ఆ రోజును ఉపాధ్యాయుల పేర జరపమన్నారు. అంతటి మనిషే పండగను గురువుల వైపు తిప్పితే, ఆయన ఊళ్లో మనం దాన్ని ఫ్లెక్సీ వైపు తిప్పాం. మరి ఆ సభలో టీచరమ్మలు ఎక్కడున్నారంటారా? వేదిక పక్కన మోకాళ్ల మీద కూర్చుని, జారిపోతున్న టోపీలకు పిన్నీసులు గుచ్చుతున్నారు. వాళ్ల పేర్లు మైకులో ఒక్కసారీ వినబడలేదు.

మన ఇళ్లలో చదువుకు ఒక వేడుక ముందే ఉంది: అక్షరాభ్యాసం. పళ్లెంలో బియ్యం, చెయ్యి పట్టి దిద్దించే ఒక పెద్ద. అది మొదలుకు చేసే పండగ కాబట్టి అందులో అణకువ ఉంది. ఇప్పటి పండగ ముగింపుకు. అదీ చదువు మొదలుకాకముందే.

సంతోషపడొద్దని అనను. తాను పదో తరగతి దాటని తండ్రి, బిడ్డను వేదిక మీద చూసి కళ్లు తుడుచుకుంటే ఆ కన్నీటిని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. నేనడిగేది మూడే. పక్కింటి బిడ్డకూ చప్పట్లు కొట్టండి. వెళ్లేముందు టీచరమ్మకు ఒక నమస్కారం పెట్టండి. ఆఖరి పేరు పిలిచేదాకా కుర్చీ వదలకండి. ఆ ఆఖరి పేరు కూడా ఒక ఇంటి మొదటి పేరే.