ఫ్రెండ్ కోసం అడుగుతున్నా

మా బాబాయ్‌కి యాభై ఎనిమిది. క్యాన్సర్ దేనివల్ల వస్తుందని అడిగితే వేళ్ళు మడిచి మరీ చెబుతాడు: మైక్రోవేవ్‌లో వేడిచేసిన అన్నం, ప్లాస్టిక్ కప్పులో టీ, ఎదురు డాబా మీది సెల్ టవర్, ఈమధ్య వచ్చే కోళ్ళు. చెబుతున్నంతసేపూ బుగ్గలో వక్క నలుగుతూనే ఉంటుంది.

అదేమిటంటే, “ఉట్టి వక్కేరా, జర్దా ఎప్పుడో మానేశా” అంటాడు. పొగాకు కలపని ఉట్టి వక్కను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చి అచ్చేసింది. ఆ సంగతి చెప్పాను. సాంతం విని, తల పంకించి, “అయితే మీ పిన్నితో చెప్పి పచ్చళ్ళు తగ్గించాలి” అన్నాడు.

ఇలాంటి బాబాయ్ లేని ఇల్లు తెలుగునాట ఉండదు. ఈయన తన గురించి ఏనాడూ అడగడు. “మా ఫ్రెండ్ ఒకడున్నాడ్రా” అని మొదలుపెడతాడు. ఆ ఫ్రెండ్‌ని మేమెవరం చూడలేదు. వాడికీ యాభై ఎనిమిదే. వాడూ రాత్రి రెండుసార్లు బాత్‌రూమ్‌కి లేస్తాడు. వాడి భార్య కూడా బీపీ మాత్ర వేసుకోమని పొద్దున్నే పోరుతుందట.

అడిగేది ఎవరిని? ఇందిరా పార్కు వాకింగ్ బ్యాచ్‌ని. క్షవరం చేసే కుర్రాణ్ణి. మెడికల్ షాపు ముందు ఆడవాళ్ళంతా వెళ్ళేదాకా నిలబడి, తీరా వంతు వచ్చాక ఈనో ప్యాకెట్ కొనుక్కుని వచ్చేస్తాడు. డాక్టరు దగ్గరికి మాత్రం పోడు. ఎందుకంటే డాక్టరు ఒక్కడే చొక్కా విప్పమంటాడు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి ముందునుంచి పోవాల్సి వస్తే ఆటోని ఇంకో సందులోకి తిప్పిస్తాడు.

ఓ అర్ధరాత్రి, పిన్ని నిద్రపోయిందని నిర్ధారించుకుని, దుప్పట్లో దూరి ఫోన్ చెవిలో “ప్రొస్టేట్” అని ఊదాడు. అది “ప్రొటెస్ట్” అని విని, ధర్నా చౌక్ వార్తలన్నీ వరసగా పైకి చదవడం మొదలుపెట్టింది. పిన్ని లేచి కూర్చుని, “ఈ వేళప్పుడు ధర్నా దేనికండీ?” అంది.

తర్వాత ఏదో డిస్కౌంట్‌లో ఒంటినిండా పరీక్షల ప్యాకేజీ కొన్నాడు. అందులో ప్రొస్టేట్‌ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్షలో 4.6 వచ్చింది. నాలుగు దాటితే ల్యాబువాళ్ళు లావుపాటి అక్షరాల్లో అచ్చేస్తారు. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. అందుకే ఒక్క అంకెను చూసి ఏమీ తేల్చరు. అమెరికా నిపుణుల బృందం 2018లో చెప్పిందీ ఇంతే: 55 నుంచి 69 ఏళ్ళ మధ్యవాళ్ళు డాక్టరుతో మాట్లాడి, ఈ పరీక్ష కావాలో వద్దో నిర్ణయించుకోవాలి, డెబ్భై దాటితే అక్కర్లేదు. బాబాయ్ అదంతా చదివాడు. “డాక్టరుతో మాట్లాడి” అన్న ముక్క ఒక్కటే కంటికి ఆనలేదు. రిపోర్టులో పేరు కత్తిరించి, వయసు ఉంచేసి, వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పావుగంటలో లక్ష్మణఫలం తినమని పదిమంది చెప్పారు. అది మనుషుల్లో క్యాన్సర్‌ని ఆపుతుందన్న రుజువు లేదు గానీ మొక్క మాత్రం దొరికింది. సీతాఫలం, రామాఫలం ముందే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు పెరట్లో ఆంజనేయుడొక్కడే తక్కువ.

ఇక్కడో చిత్రం ఉంది. మనదేశంలో మగవాళ్ళని ఎక్కువగా పట్టుకునేది నోటి క్యాన్సర్. దాన్ని వెతకడానికి ఒక టార్చిలైటు చాలు. తిరువనంతపురం జిల్లాలో అలా నోళ్ళు చూసుకుంటూ పోతే, పొగాకో మద్యమో అలవాటున్నవాళ్ళలో ఈ క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయని 2005లోనే తేలింది. ముప్ఫై దాటినవాళ్ళకి ఐదేళ్ళకోసారి నోరు చూడాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు తీసుకోరు కాబట్టి బాబాయ్‌కి దానిమీద నమ్మకం లేదు. పైగా, పొద్దస్తమానం నోరు మూయని మనిషి, పరీక్షకి తెరవమంటే మాత్రం తెరవడు.

మొన్న బస్తీ దవాఖాన నుంచి ఆశా అమ్మాయి ఫారం, టేపు పట్టుకుని ఇంటికే వచ్చింది.

“గుట్కా, ఖైనీ అలవాటుందా సార్?”

“మా ఫ్రెండ్‌కి ఉండేదమ్మా.”

“ఈయనే రాసుకో తల్లీ” అని వంటింట్లోంచి పిన్ని.

“రెండు వారాలైనా మానని పుండు ఏమన్న ఉందా నోట్లె? గొంతు మారిందా?”

“గొంతు మారలేదు, తగ్గాలని మొక్కుకుంటున్నా” అని మళ్ళీ పిన్నే.

నడుం కొలత దగ్గర బాబాయ్ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగాడు. ఆ పిల్ల ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూసిందో, టేపు పట్టుకుని నింపాదిగా నిలబడింది. చివరికి ఆయనే ఊపిరి వదిలాడు. తొంభై ఆరు సెంటీమీటర్లు.

“రోజూ నడుస్తరా?”

“ఇందిరా పార్కు! ఎండైనా వానైనా!”

“బెంచీ మీద” అంది పిన్ని.

ఆశా అమ్మాయి కూడికలు చేసి, “ఆరొచ్చినై సార్” అంది.

బాబాయ్ మొహం వెలిగిపోయింది. “ఎన్నింటికమ్మా?”

“అట్ల గాదు సార్. నాలుగు దాటితే దవాఖానకు రావాలె. బేస్తారం రాండ్రి, సిస్టరమ్మ టార్చి పెట్టి నోరు చూస్తది.”

బాబాయ్ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“రీకౌంటింగ్ ఉంటుందా?” అన్నాడు.