మేతకుంచు: ఒక గాలపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

చేప నోరు చూసి చిన్న గాలము కొను
గాలమునకు తగిన గట్టి త్రాడు
త్రాటి కొలది రీలు దాని కొలది కర్ర
మిగిలినట్టి డబ్బు మేతకుంచు

అవతారిక

ఈ ఆటవెలదికి కర్త మా పెదమామయ్య. బడిలో తెలుగు చెప్పి రిటైరయిన మర్నాటి నుంచి ఊరి చెరువు గట్టున గాలం వేసుకు కూర్చున్న మనిషి. రచనాకాలం: గాలం సామాను కొనడానికి నేను టౌనుకు బయల్దేరిన ఆదివారం, కాఫీకీ ఇడ్లీకీ మధ్య. తాళపత్రం: కరెంటు బిల్లు వెనకవైపు. ప్రతి ఒక్కటే. అదీ నా చొక్కా జేబులో ఉండి ఒకసారి ఉతుకుకు వెళ్లొచ్చింది.

వ్యాఖ్యాత అర్హత గురించి ఒక మాట. నేను ఈ పద్యాన్ని చదవకుండా జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లాను. నాలుగు పాదాలనూ కింది నుంచి పైకి ఉల్లంఘించి, నాలుగు వేలు వదిలించుకుని వచ్చాక చదివాను. మూలానికి విరుద్ధంగా నడిచి నష్టపోయినవాడే మంచి వ్యాఖ్యాత అనే పక్షంలో నాకు సాటి లేడు.

ప్రథమ పాదం

ప్రతిపదార్థం: చేప = నీవు పట్టదలచిన మత్స్యము యొక్క; నోరు = నోటిని; చూసి = పరిశీలించి; చిన్న = అల్పమైన; గాలము = కొక్కెమును; కొను = కొనుము.

వ్యాఖ్య: దుకాణంలో కర్రలుంటాయి, రీళ్లుంటాయి, చేపలుండవు. లేనిదాని నోరు చూడమనడం ఎట్లా అని పూర్వపక్షం. అందుకే ముందు చూసి పిమ్మట వెళ్లమన్నాడని సిద్ధాంతం. "చూసి" క్త్వార్థకం. చూడడం అయ్యాకే కొనడం.

"చేప" అని ఊరుకున్నా, మన చెరువుల్లో పెరిగేవి ఎక్కువగా కార్పు జాతివి గనుక వాటినే గ్రహించాలి. బొచ్చెది పెద్ద తల, పైకి తిరిగిన నోరు, పైనీటిలో మేస్తుంది. శీలవతికి పెదవుల అంచున కుచ్చులుంటాయి, నడినీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు అడుగు వదలదు. బంగారుతీగకు మూతి దగ్గర రెండు జతల మీసాలు. నోటిని గొట్టంలా సాచి బురదను పీలుస్తుంది. మొదటి మూడూ మన నదుల బిడ్డలు. బంగారుతీగ అల్లుడిలా వచ్చి ఇల్లరికం ఉండిపోయింది: 1939లో సిలోను నుంచి నీలగిరికి ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి ఇంకో రకం దిగాయి. మన మూడూ పారే వరదనీటిలో తప్ప నిలవనీటిలో గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి కార్పు చేత గుడ్లు పెట్టించాకనే చేపపిల్లలు చెరువు చెరువుకూ చేరే దారి పడింది. కాబట్టి కొత్తవాడు గాలం వేసే ప్రతిసారీ ఆయనకు ఒక నమస్కారం బాకీ.

వీటి దవడలకు పళ్లు లేవు. ఉన్న పళ్లు గొంతులో ఉన్నాయి. అందుచేత ఇవి ఎరను కొరకవు. పీలుస్తాయి, రుచి చూస్తాయి, నచ్చకపోతే ఊదేస్తాయి. పీల్చడానికీ ఊదడానికీ నడుమ ఉన్న ఆ రెప్పపాటే మన ఆట మొత్తం. పెద్ద గాలం బరువుకే అనుమానం పుడుతుంది. "చిన్న" అనే విశేషణం రహస్యం ఇదే. చిన్న గాలానికి చిన్న చేపే పడుతుందనుకోవడం కొత్తవాడి భ్రమ.

విశేషం: గాలం అంకెలు తిరకాసువి. 10 కన్నా 6 పెద్దది, 6 కన్నా 2 పెద్దది. ఒకటి దాటాక వెనక సున్నా చేరి 1/0, 2/0 అంటూ మళ్లీ పెరుగుతాయి. రెండు మూడు కిలోల కార్పుకు 6 నుంచి 10 లోపు చాలు. మొన ఆనించి బొటనవేలి గోటి మీద నెమ్మదిగా లాగాలి. జారితే మొండిది, గోటిని పట్టుకుంటే పదునైనది. పెళ్లిచూపుల్లో పిల్ల చేత పాట పాడించినట్టు, ఈ పరీక్ష దుకాణంలోనే కానివ్వాలి.

ద్వితీయ పాదం

ప్రతిపదార్థం: గాలమునకు = ఆ కొక్కెమునకు; తగిన = ఈడైన; గట్టి = బలముగల; త్రాడు = తంగూసు దారము.

వ్యాఖ్య: ఈ పాదంలో క్రియ లేదు. మొదటి పాదంలోని "కొను" ఇక్కడికి అనువృత్తి చేసుకోవాలి. ఈ పద్యంలో ఒకసారి మొదలైన కొనడం మూడు పాదాల దాకా ఆగదు. అనుభవజ్ఞులకు ఇది వింత కాదు.

"గట్టి" అంటే "లావు" అని నేను అర్థం చేసుకున్నాను. అది అపవ్యాఖ్య. లావు దారం నీటిలో తాడులా కనబడుతుంది, రీలు మీద చుట్టలు చుట్టలుగా లేస్తుంది, చిన్న గాలం కంట్లో దూరదు. చెరువు కార్పుకు 0.28 నుంచి 0.30 మిల్లీమీటర్ల తంగూసు, అంటే సుమారు అయిదు కిలోల బరువు ఓర్చేది, సరిపోతుంది. తంగూసు లాగితే కొంచెం సాగుతుంది. ఆ సాగడమే దాని సంస్కారం. చేప ఒక్కసారిగా విదిలించినప్పుడు మెత్తని పెదవి చిరగకుండా కాపాడేది అదే. అల్లిన దారం బలంలో దిట్ట, కానీ సాగదు. మొదటి ఏడాది దాని జోలికి పోరాదు.

ఎండ తంగూసుకు శత్రువు. దుకాణం అద్దాల్లో ఎన్నాళ్లుగానో ఎండ కాగుతున్న చుట్టను తీసుకోక, లోపలి అర నుంచి ఇమ్మనాలి. ముడి బిగించేముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే నీరసించి, పెద్ద చేప పడ్డ రోజునే తెగుతుంది.

తృతీయ పాదం

ప్రతిపదార్థం: త్రాటి కొలది = దారమునకు సరిపడునట్టి; రీలు = దారము చుట్టు యంత్రము; దాని కొలది = దానికి సరిపడునట్టి; కర్ర = గాలపు కర్ర.

వ్యాఖ్య: తెలుగు మాష్టారై యుండి "చక్రము" అనక "రీలు" అనడమేమిటని ఆక్షేపం. "చక్రము" భగణం, అక్కడ సూర్యగణం పడాలి. గణభంగం కన్నా అన్యదేశ్యం మేలని కవి ఎంచుకున్నాడు. దుకాణంలో చక్రం అడిగితే సైకిలు షాపుకు దారి చూపుతారన్నది లౌకిక కారణం.

ఇప్పటి రీలు పుట్టుక మిల్లులో. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల కుటుంబీకుడు ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇలింగ్‌వర్త్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో కండె కదలకుండా ఉంటే నూలు దాని కొస మీదుగా జారిపోతుంది, ఇక్కడా అంతే. అందువల్ల తేలిక ఎర కూడా దూరం పోతుంది. కొత్తవాడికి 3000 లేక 4000 సైజు చాలు. పెట్టె మీద బేరింగులు ఎన్ని ఉన్నాయని రాసిన అంకె చూసి మురిసిపోరాదు. పిడి తిప్పితే గరగరలాడకుండా నిండు కుండలా తిరగాలి. డ్రాగ్ మరను బిగిస్తూ దారం లాగి చూస్తే కుదుపు లేకుండా వదలాలి. దాన్ని దారం బలంలో పావు వంతుకో మూడో వంతుకో పెట్టుకుంటే, చేప పారిపోవడానికి కొంత దారి ఇచ్చినట్టూ ఉంటుంది, ఇవ్వనట్టూ ఉంటుంది.

"దాని" అనే సర్వనామం రీలుకు చెందుతుందా, త్రాటికి చెందుతుందా? దగ్గరిది రీలు కాబట్టి రీలే అని కొందరు. కర్ర మీద ఫలానా బలం దారానికి ఈ కర్ర అని ముద్రించి ఉంటుంది గనుక త్రాడే అని కొందరు. రెండూ గ్రాహ్యమే, ఏది కాదన్నా కర్ర ఒప్పుకోదు.

"కర్ర" ఏకవచనం. ఇది ముఖ్యం. ఊరి చెరువుకు ఏడెనిమిది అడుగులది, రెండు ముక్కలది చాలు. ఇంగ్లండులో కార్పు కర్ర 12 అడుగులుంటుంది. అక్కడ సరస్సు మీదుగా దూరం విసరాలి. నేను కొన్నది ఆ 12 అడుగులదే. మా చెరువు గట్టు మీద నల్లతుమ్మ చెట్లు వరసగా ఉన్న సంగతి దుకాణదారుకు తెలియదు, నాకు తెలుసు. అయినా కొన్నాను. కర్రకున్న వలయాల్లోంచి దూదిపింజ లాగి చూడాలి. పోగు చిక్కుకున్న చోట పగులున్నట్టే, అది దారాన్ని కోస్తుంది. కార్బన్ కర్ర విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి కరెంటు తీగల కింద ఎత్తరాదు. ఇది హాస్యం కాదు.

అలంకారం: గాలం నుంచి త్రాడు, త్రాటి నుంచి రీలు, రీలు నుంచి కర్ర, ముందుది తరువాతిదానికి కారణం కాబట్టి కారణమాల. "త్రాడు" అని ముగిసిన పాదం తరువాత "త్రాటి" అని మొదలవడం వల్ల ముక్తపదగ్రస్తం ఛాయ కూడా ఉంది. మొదటి రెండు పాదాల మధ్యా అది కుదిరేదే, "కొను" అడ్డుపడింది. లోకంలోనూ గాలానికీ త్రాటికీ నడుమ అడ్డుపడేది ఆ కొనుగోలే.

అధ్యాహారం: బెండు, సీసం గుండు, చేప పైకి తీయడానికి చేతివల పద్యంలో లేవు. జీలుగు బెండు ముక్క ఇంట్లో దొరుకుతుందని కవి వదిలేశాడు. చెరువును పాటకు తీసుకున్న మత్స్యకారుల సహకార సంఘాన్ని అడిగి అనుమతి పొందడం "చేప" కన్నా ముందు అధ్యాహారం చేసుకోవలసిన మాట.

చతుర్థ పాదం

ప్రతిపదార్థం: మిగిలినట్టి = శేషించిన; డబ్బు = ధనమును; మేతకు = చేపలను చోటికి చేర్చు ఆహారమునకు; ఉంచు = దాచుము. మేతకు + ఉంచు = మేతకుంచు, ఉత్వసంధి.

వ్యాఖ్య: "మిగిలిన" అనేది భూతకాలిక విశేషణం. డబ్బు మిగలడం అప్పటికే జరిగిపోయిందని కవి నిశ్చయం. పై మూడు పాదాలూ పాటించినవాడికి మాత్రమే ఈ వ్యాకరణం వర్తిస్తుంది.

కొల్లేరు ప్రాంతపు చెరువుల్లో తవుడూ వేరుశనగ చెక్కా సంచుల్లో నింపి, సంచులకు చిల్లులు పెట్టి, గుంజలకు వేలాడదీస్తారు. కార్పులు వచ్చి ఆ చిల్లులకు మూతులానించి తింటాయి. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన ఆ రుచి కన్నా నమ్మకమైన ఎర డబ్బాలో రంగు వేసి అమ్మేది కాదు. తవుడు, చెక్కపొడి, కాస్త బెల్లం కలిపి ముద్దలు చేసి, గాలం వేసేముందు ఒకే చోట వేస్తూ పోవాలి. ఆ మేత మీదకు చేరిన చేపకే గోధుమపిండి ముద్ద చూపాలి.

ప్రమాణం: కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక ప్రకరణమే ఉంది. అందులో చేపల రకాలతోపాటు వాటి మేత గురించీ, కర్రా దారం గురించీ ఉంది. రాజ్యమంతా చేతిలో ఉన్నవాడు మేతకు చోటిచ్చాడు. నాలుగు వేలు చేతిలో ఉన్న నేను ఇవ్వలేదు.

ఉల్లంఘన వృత్తాంతం

దుకాణాల్లో కర్రలు గుమ్మంలోనే నిలబడి ఉంటాయి, గాలాలు కౌంటరు కింది అరలో ఉంటాయి. అంటే దుకాణం పద్యాన్ని తలకిందులుగా చదువుతుంది. నేనూ అట్లాగే చదివాను. కర్రకు 2,600, రీలుకు 1,300, దారానికి 100. గాలాలు కొసరుగా వచ్చాయి, 2/0 సైజువి. అన్నిటికన్నా ముందు కొనవలసింది అన్నిటికన్నా చివర, అదీ ఊరికే వచ్చింది. మేతకు మిగిలింది అత్తయ్య కట్టిచ్చిన ఇడ్లీ.

గట్టు మీద మూడు గంటలు కూర్చున్నాను. బంగారుతీగలు ఇడ్లీని నాజూగ్గా వలుచుకు తిన్నాయి. చట్నీ ఏదన్నట్టు మళ్లీ వచ్చాయి. గాలం దేనికీ తగల్లేదు, రెండుసార్లు తుమ్మకొమ్మకు తగిలింది. మామయ్య నా కర్రను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "ఒరేయ్, చేప ఆ చివర ఉంటుందిరా, నువ్వు ఈ చివర నుంచి కొన్నావు" అన్నాడు. పద్యానికి ఇంతకన్నా పొట్టి తాత్పర్యం నేను రాయలేను.

పాఠాంతరాలు

నాలుగో పాదానికి రెండు పాఠాంతరాలు వినబడుతున్నాయి. దుకాణదారు పాఠం: "మిగిలినట్టి డబ్బు మీకు రాదు". గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది, నా అనుభవంతోనూ సరిపోయింది.

రెండోది అత్తయ్య పాఠం. చీకటి పడ్డాక ఉత్త చేతులతో ఇల్లు చేరిన మా ఇద్దర్నీ చూసి, వంటింట్లోంచే అన్నది: "మిగిలినట్టి డబ్బు మీను కొనుము". మీను అంటే చేప. మామయ్య మెట్టు మీద కూర్చుని వేళ్ల మీద గణాలు లెక్కపెట్టాడు. సూర్యగణాలు అయిదూ ఉన్నాయి. మి, మీ, యతి కూడా కుదిరింది. తప్పు పట్టడానికి మరేమీ దొరక్క, సంచి తీసుకుని లేచాడు.

ఆ రాత్రి పులుసులో ఉడికింది ఈ పాఠమే.