ఎనిమిదయింది, ఇంటికి నడువు

ఇగ మన ఆడోళ్లకు ఏ రందీ లేదన్నట్టే ఉండె. రాత్రి ఎనిమిది దాటితే మహిళా కండక్టర్లకు డ్యూటీ వెయ్యమన్నరు. 2019 డిసెంబర్ 1న ప్రగతి భవన్‌ల ఆర్టీసోళ్లకు అన్నం పెట్టి మరీ అప్పటి ముఖ్యమంత్రి సెలవిచ్చిన్రు. అంతకుముందు 52 రోజుల ఆర్టీసీ సమ్మెల ఇదే ఆడోళ్లు పోలీసు వ్యాన్లు ఎక్కినప్పుడు వాళ్ల భద్రత ఎవలకూ యాదికి రాలే. అది వేరే ముచ్చట.

ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ పోయే బస్సు ఏడున్నరకు కెరమెరి ఘాట్‌ల ఉన్నదనుకోన్రి. ఎనిమిది కొట్టంగనే కండక్టరమ్మ టికెట్ మిషన్ డ్రైవర్ చేతుల పెట్టి దిగాల్నా? దిగి ఎటు పోవాలె? పోనీ, ముందే డిపోల దింపిన్రనుకుందాం. డిపో నుంచి ఇంటికి ఎవని ఆటోల పోతది? ఆమె జాగల మొగ కండక్టర్ ఎక్కుతడు.

అదే బస్సు కోసం అంగడి నుంచో, దవాఖాన నుంచో వచ్చే ఆడమనిషి ఎనిమిదిన్నరకు నిలబడి ఉంటది. అప్పటిదాకా కండక్టరమ్మ కనపడితే ఆమెకింత ధైర్యం ఉండె. ఆ మాటతోని అదీ పాయె. వైన్సు మాత్రం పది దాకా తెరిచే ఉంటది. పర్మిట్ రూంల కూసున్నోన్ని ఎనిమిదికి ఇంటికి పొమ్మంటే ఖజానా అలుగుతది మరి.

అప్పటి హోంమంత్రి అయితే, చెరిచి చంపిన పశువుల డాక్టర్ దిశ తన చెల్లెకు కాదు, 100కు ఫోన్ కొట్టాల్సిందన్నరు. ఆమె ఇంటోళ్లు ఠాణాకే పోయిన్రు కద సారూ! కేసు రాసుట్ల ఆలస్యమైందని ముగ్గురు పోలీసోళ్లను సస్పెండ్ చేసింది మీ సర్కారే.

ఆసిఫాబాద్ జిల్లా ఎల్లాపటార్‌ల 2019 నవంబర్ 24న ఏ గడియారం ఎనిమిది కొట్టింది? ఊరూరు తిరిగి సామాను అమ్ముకునే దళిత ఆడబిడ్డ. పొద్దుగాల భర్త బండి మీద దింపి పోయిండు. పట్టపగలు చెరిచి చంపిన్రు. తిరగొద్దంటరా? తిరగకుంటే ఆ ఇంట్ల పొయ్యి ఎలగదు. 2019 జూన్‌ల హన్మకొండల చంపిన పసిగుడ్డుకు తొమ్మిది నెలలు. తల్లి పక్కన డాబా మీద పండుకున్నది. ఆ బిడ్డకు ఏ టైం పెడ్తరు?

చీకటి ఎవ్వలినీ చంపలే. ఈమెను ఏం చేసినా అడిగేటోడు లేడన్న ధీమా చంపింది. ఆ ధీమా ఎక్కడో అడవిల పుట్టలే. కట్నం బాకీ ఉన్నదని బిడ్డను కొట్టి పంపితే, పెద్దమనుషులు పంచాయితిల కూసొని "సర్దుకపో బిడ్డా, ఆడదానివి" అని మళ్లా ఆ ఇంటికే తోలిన్రు చూడు, అక్కడ పుట్టింది. దెబ్బలు కనపడకుంట కొంగు కప్పుకోమన్న అత్తలు, చెల్లె ఫోన్ గుంజుకున్న అన్నలు, చూసి సప్పుడు చెయ్యని మనం, అందరం ఇంత ఇంత పోసి పెంచినం. దానికి కులం తోడైతే ఇగ అడ్డేముంది?

చటాన్‌పల్లిల దిశ కేసు నిందితులను కాల్చి చంపిన పోలీసుల మీద పూలు చల్లిన్రు. చల్లినోళ్లల్ల ఎంతమందికి ఎల్లాపటార్ ఎటున్నదో ఎరుక? ఎల్లాపటార్ కేసుల దొరికినోళ్లను గూడ కాల్చాలని నేనన్లే. ఆ పూలు చూస్తేనే నాకు భయమైంది. విచారణ చెయ్యాలె, సాక్షులను నిలబెట్టాలె, శిక్ష పడేదాకా ఎంటబడాలె. దిశ కేసుకు మహబూబ్‌నగర్‌ల ఫాస్ట్ ట్రాక్ కోర్టుకు ఆర్డర్ ఇచ్చిన్రు. మా ఆదిలాబాద్‌కు ఎన్నడిస్తరో తారీఖు చెప్పున్రని అప్పుడు మేం అడగాల్సొచ్చింది.