బెంచీ టికెట్టు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యం రాసింది నేనే. వ్యాఖ్యానం రాస్తున్నదీ నేనే. పూర్వం కవి పోయిన నాలుగైదు వందల ఏళ్లకు గానీ వ్యాఖ్యాత పుట్టేవాడు కాదు. ఇప్పుడంత ఓపిక ఎవరికుంది? కోలాచల మల్లినాథసూరి మన మెదకు వైపువాడే. మూలంలో లేనిదీ అక్కరలేనిదీ రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. నాకా నియమం లేదు. హౌరాలో ఈ పద్యానికి మూలమైన సినిమా హాలే కూలిపోయింది కాబట్టి, లేనిదాన్ని గురించే ఎక్కువ రాయాలి.

మూలం (ఆటవెలది)

బొమ్మ లేదు తెరయుఁ బోయె బెంచీ లేదు
బిల్డరొచ్చి గోడ పీకినాడు
టికెటు లేక నేడు ఠీవిగా దిగుదురు
సినిమ స్టాపటంచుఁ జెప్పుకొనుచు

ప్రతిపదార్థం

బొమ్మ లేదు = ఆట ఆడటం లేదు; తెరయుఁ బోయె = తెల్లగుడ్డ కూడా పోయింది; బెంచీ లేదు = (విశేషాలు చూడుడు); బిల్డరొచ్చి = ప్రమోటరు వచ్చి; గోడ పీకినాడు = పోస్టర్లు అంటించే గోడతో సహా పడగొట్టాడు; నేడు = ఈనాడు; టికెటు లేక = సినిమా టికెట్టు లేకుండా (బస్సు టికెట్టు ఉన్నదనే భావం); సినిమ స్టాపు అటంచున్ = ఇది సినిమా స్టాపు అని; చెప్పుకొనుచు = ఒకరికొకరు చెప్పుకుంటూ; ఠీవిగా దిగుదురు = దర్జాగా బస్సు దిగుతారు.

తాత్పర్యం

హాలు పోయింది, స్టాపు మిగిలింది.

విశేషాలు

బొమ్మ: హౌరాలో పాతకాలపు బెంగాలీలు సినిమాను ‘బొయ్’ అంటారు, అంటే పుస్తకం. తప్పేం లేదు, వాళ్ల సినిమాలు చాలావరకు నవలల్లోంచే వచ్చాయి. శరత్‌చంద్ర ఛటర్జీ 1916లో రంగూన్ నుంచి తిరిగొచ్చి కాపురం పెట్టింది హౌరాలోని బాజే శిబ్‌పూర్‌లోనే. ‘దేవదాస్’ అచ్చయింది ఆ మరుసటేడు. తర్వాత ఆయన ఇదే జిల్లాలో రూప్‌నారాయణ్ ఒడ్డున సామ్తాబేడ్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మనవాళ్లు 1953లో ‘దేవదాసు’, 1957లో ‘తోడికోడళ్లు’, 1961లో ‘బాటసారి’ చూసి ఏడ్చిన ఏడుపంతా ఆయన చలవే. హౌరా తెలుగువాడికి మాత్రం అది పక్కవీధి సరుకు.

అప్పు ఒకవైపే లేదు. హుగ్లీకి అవతలి ఒడ్డున, కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీలో సి. పుల్లయ్య 1933లో ‘సతీ సావిత్రి’, 1934లో ‘లవకుశ’ తీశాడు. తెలుగు టాకీ పుట్టిన కొత్తలోనే సీతమ్మ బెంగాల్లో కన్నీళ్లు పెట్టుకుందన్నమాట. ‘మాయాబజార్’ బెంగాలీలోకి డబ్ అయింది. ఎస్.వి. రంగారావు నోట బెంగాలీ వినిపించిన రోజున, మద్రాసీ అని పిలిపించుకునే మనవాడు హాల్లో ఎంత ఎత్తున కూర్చుని ఉంటాడో ఊహించుకోవలసిందే.

బెంచీ: పూర్వవ్యాఖ్యాతలు ఉండి ఉంటే ఇక్కడే దారి తప్పేవారు. బొమ్మ, తెర అన్నాక బెంచీ అనడం పునరుక్తి అనేవారు, లేదా పాదపూరణం అనేవారు. రెండూ కాదు. బొమ్మ పోతే టీవీలో దొరికింది. తెర పోతే మాల్‌లో ఇంకా పెద్దది వచ్చింది. బదులు దొరకనిది బెంచీ ఒక్కటే. కవి దాన్ని పాదం చివర పెట్టి ఊరుకున్నాడు, వివరించే పని నా నెత్తిన పడింది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను 1900లో హౌరాకు చేరింది. మద్రాసు నుంచి వాల్తేరు మీదుగా హౌరా మెయిలు నడవడమూ అప్పుడే. ఆ లైను పట్టుకుని శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపుల నుంచి జనం హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లులకు, షాలిమార్ యార్డుకు, రైల్వే కొలువులకు వచ్చారు. మా పెదతాత కూడా అట్లా వచ్చినవాడే. నేతశాలలో మగ్గాల హోరుకు పక్కమనిషి మాట వినబడదు, అందుకని అక్కడ చేతులతో మాట్లాడుకునేవారు. బయటికొచ్చాక ఆ హోరు చెవుల్లోనే ఉండేది గనుక అందరూ కేకలేసుకునేవారు. సినిమా హాల్లో ముందు బెంచీల మీద గోల ఎక్కువని బాల్కనీవాళ్లు విసుక్కోవడానికి మూలం ఇది. అది అల్లరి కాదు, ఉద్యోగధర్మం.

బెంచీకి నంబరు లేదు. దాని శాస్త్రమంతా ఇందులోనే ఉంది. కుర్చీ ఒకరిది. బెంచీ ఎవరు జరిగితే వారిది. నలుగురి చోటులో ఆరుగురు పట్టేవారు, ఆరో మనిషి సగం గాలిలోనే అయినా ఇంటర్వెల్ దాకా చూసేవాడు. మిల్లు గేటు దగ్గర ఆ పూట పని దొరకని బద్లీ మనిషి ఇంటికెళ్లి భార్య ముఖం చూడలేక మ్యాటినీకి వచ్చి ఈ బెంచీ మీదే కూర్చునేవాడు. హప్తా (వారం జీతం) అందిన రోజున అదే మనిషి ఠోంగాలో, అంటే కాగితం పొట్లంలో, చీనాబాదం (వేరుశనగలు) తెచ్చి పక్కవాడికి పెట్టేవాడు. బెంగాలీ రాకపోయినా ఉత్తమ్ కుమార్ నవ్వితే నవ్వొచ్చేది. భాష రాని ఊళ్లో బతికేవాడికి, ‘నీకు అర్థమైందా?’ అని ఎవరూ అడగని చోటు అదొక్కటే.

కలిగినవాళ్లు బాల్కనీ గురించి ఎంతైనా రాసుకోవచ్చు, దానికి వేరే వ్యాఖ్యాతలున్నారు.

ఇప్పుడు శిబ్‌పూర్‌లో గంగ ఒడ్డునే అవని మాల్ ఉంది. చల్లగా ఉంటుంది. ప్రతి కుర్చీకి నంబరుంది, మనిషి ఒరిగితే అదీ ఒరుగుతుంది. బద్లీ మనిషి లోపలికి రాకూడదని అక్కడ ఎవరూ అనరు. టికెట్టు ధర చూసి అతనే రాడు.

బిల్డరొచ్చి: ఇక్కడివాళ్లు బిల్డరును ప్రమోటరు అంటారు. కవి ఆ మాట వాడలేదేమని ఆక్షేపించవద్దు. ‘ప్రమోట’ జగణం, సూర్యగణాల్లో దానికి చోటు లేదు. ‘బిల్డరు వచ్చి’ని ‘బిల్డరొచ్చి’ చేయడానికి చిన్నయసూరి ఒప్పుకోడు. కూల్చడానికి వచ్చినవాడు వ్యాకరణం అడిగి రాడు కదా అని సమాధానం.

ఇంతకీ దోషమంతా బిల్డరుదేనా? కవి అలాగే అంటున్నాడు గానీ నేనొప్పుకోను. 1987లో ఆదివారం పొద్దున టీవీలో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆ పూట వీధిలో మనిషి కనబడేవాడు కాదు, ఇక మార్నింగ్ షోకు ఎవరొస్తారు? వెనకే వీడియో, ఆ వెనకే కేబుల్. ఎండాకాలం కరెంటు పోతే జెనరేటరు ఖర్చు. దాని వెనకే జి.టి. రోడ్డు మీది గజం భూమి ధర, ఏ సూపర్‌హిట్టూ ఎక్కలేనంత ఎత్తుకు. బిల్డరు చివర వచ్చినవాడు. కవికి చివర వచ్చినవాడే కనబడ్డాడు. హౌరా ఒక్కదానికే వచ్చిన కష్టమూ కాదిది. జె.ఎఫ్. మదన్ 1907లో కలకత్తాలో పెట్టిన ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్, చివరికి చాప్లిన్ అనే పేరుతో మిగిలినది, దాన్నీ 2013లో కూల్చేశారు.

గోడ: లక్షణార్థంలో గోడ అంటే వెనకగోడ. అందులో రెండు చిన్న కిటికీలు, వాటి వెనక రెండు ప్రొజెక్టరు మిషన్లు. కార్బన్ కడ్డీలు రెండూ ఎదురెదురుగా మండుతూ అరిగిపోతుంటే ఆపరేటరు వాటిని జరుపుతూ ఉండేవాడు. రెండు వేల అడుగుల రీలు ఇరవై నిమిషాలు వస్తుంది. తెరకు కుడివైపు పైమూలన ఒక చుక్క మెరిసి మాయమవగానే రెండో మిషను అందుకోవాలి. అందుకోకపోతే బెంచీల్లోంచి ఈలలు. ఆ చుక్క సంగతి తెలిసిన పిల్లలు కథ వదిలేసి దానికోసమే కాచుకుని కూర్చునేవారు. నేనూ ఆ జాతివాణ్నే. డిజిటల్ వచ్చాక రీలూ లేదు, చుక్కా లేదు, ఈలకు కారణమూ లేదు.

టికెటు లేక: ఇది శ్లేష. కండక్టరు వేళ్ల మధ్య మడిచి పట్టుకున్న పల్చటి కాగితాల్లోంచి ఒకటి చింపి ఇస్తాడు, ఆ టికెట్టు ఉంది. పోయింది ఇంకొకటి. బస్సు రేకు మీద చేత్తో చరిచి, ఆడవాళ్లు దిగుతుంటే డ్రైవరుకు ‘ఆస్తే, లేడీస్!’ అని కేకేసి, హౌరా మైదాన్ దగ్గర ‘బంగబాసీ, బంగబాసీ’ అని అతను అరుస్తాడు. ఎక్కేవాళ్లలో ఆ పేరుగల హాల్లో సినిమా చూసినవాళ్లెందరో, పేరు మాత్రమే విన్నవాళ్లెందరో. 2024 మార్చిలో హుగ్లీ కిందుగా మెట్రో వచ్చింది, హౌరా మైదాన్‌కు స్టేషను వచ్చింది. మెట్రోలో ఆడగొంతు ‘హౌరా మైదాన్’ అని ఊరుకుంటుంది. హాళ్ల పేర్లు కండక్టరు నోట్లోనే ఉన్నాయి.

ఠీవిగా: ‘టక్కున’ అనే పాఠాంతరం ఒకటి సాధ్యం, కానీ ‘టి’కి ‘ట’తో యతి చెల్లదు. అర్థమూ చెల్లదు. ఠీవి ఎవరిది? బెంచీ మీద కూర్చున్నవాళ్లది కాదు, వాళ్ల మనవలు ఏ హైదరాబాదుకో బెంగళూరుకో పోయారు. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ కూడా హౌరా వదిలి షాలిమార్ నుంచి బయల్దేరుతోంది. ఇప్పుడా స్టాపులో దిగేది హాలు స్థలంలో లేచిన ఫ్లాట్లవాళ్లు. చుట్టాలకు దారి చెప్పేటప్పుడు ‘సినిమా స్టాపులో దిగండి’ అంటారు, తాము ఎవరి బెంచీ మీద ఇల్లు కట్టుకున్నారో తెలియకుండా. కవి కోపమంతా ఈ ఒక్క మాటలో దాచుకున్నాడు. పైకి పొగడ్తలాగే కనబడుతుంది కాబట్టి వ్యాజస్తుతి.

సినిమ స్టాపు: ‘స్టా’ సంయుక్తం కాబట్టి ముందున్న ‘మ’ గురువై, నగణం కాస్తా సగణమై, పాదం చెడుతుందని లాక్షణికులు పట్టుకుంటారు. అది వేరు పదం, పైగా ఇంగ్లీషు మాట అని సమాధానం. చాలకపోతే ‘ఇస్టాపు’ అని చదువుకోండి, హౌరాలో అందరూ అలాగే అంటారు. అప్పుడు గణం ఇంకా చెడుతుంది, నేను పూచీ పడను.

గద్య

ఇది శ్రీమద్భాగీరథీపశ్చిమతీరవాస్తవ్య, జి.టి.రోడ్డుధూళిధూసరిత, జూట్‌మిల్లుహప్తాపరంపరాపోషిత, చీనాబాదంచర్వణచతుర, అర్ధాసనాసీన షష్ఠప్రేక్షక పౌత్ర ప్రణీతంబైన బెంచీవ్యాఖ్య యందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసము ఇంటర్వెల్ తరువాత.